పది మందితో బ్రూవరీల ట్రిప్: ముందు ఇంటికెలా చేరాలో తేల్చుకోండి

క్రాఫ్ట్ బ్రూవరీలు, అంటే చిన్న ఎత్తున సొంతంగా బీరు కాచే చోట్లు, చూసొద్దామని ఎవరైనా అనగానే అందరూ అడిగేది "ఎక్కడెక్కడికి వెళ్దాం?" అని. మొదటిసారి ఈ పని నెత్తినేసుకున్నప్పుడు నేనూ అక్కడే మొదలుపెట్టాను. ఒక్క రోజులో ఐదు బ్రూవరీలు. జాబితా చూసి గ్యాంగ్ అంతా ఎగిరి గంతేసింది. మూడో చోటికి చేరేసరికే గంటన్నర ఆలస్యం. నాలుగో చోట బ్రూవర్ స్వయంగా బయటికొచ్చి, ఏడాది పాటు చెక్క పీపాలో ఉంచిన పుల్ల బీరు ఎంతో ఇష్టంగా పోశాడు. మావాళ్లు దాన్ని మంచినీళ్లలా గుటుక్కున మింగేసి "ఇంకోటి" అన్నారు. ఆయన మొహం నాకింకా గుర్తుంది. ఐదో చోటికి వెళ్లనే లేదు. రాత్రి పదకొండు గంటలకి, ఇద్దరిని ఇంటికెలా చేర్చాలో తెలియక ఫోన్ పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాను.

అప్పట్నుంచి ప్లాన్ తలకిందులు చేశాను. ముందు తిరుగు ప్రయాణం, తర్వాత మనుషులు, ఆ తర్వాతే బ్రూవరీలు. కింద చెప్పేదంతా ఆ వరుసలోనే.

1. తిరుగు ప్రయాణం

బండి నడిపేవాళ్లు తాగకూడదని అందరికీ తెలుసు. కానీ ఆ రోజు "ఒక్క శాంపిలేగా" అనే మాట వచ్చి తీరుతుంది. అందుకే ఈ లెక్క ముందే చేసి పెట్టుకోండి.

ట్యాప్‌రూముల్లో, అంటే బ్రూవరీలోనే బీరు పోసే గదుల్లో, నాలుగైదు రకాల బీర్లు చిన్న గ్లాసుల్లో పోసి, ఒక చెక్క పలక మీద పేర్చి ఇస్తారు. దాన్నే ఫ్లైట్ అంటారు. గ్లాసు 120 మిల్లీలీటర్లనుకుంటే నాలుగు కలిపి 480. సగటున 6 శాతం ఆల్కహాల్ ఉన్నా అందులో అసలు ఆల్కహాల్ 29 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. ఆల్కహాల్ నీళ్ల కన్నా తేలిక, మిల్లీలీటరు 0.79 గ్రాములే తూగుతుంది. ఆ లెక్కన 23 గ్రాములు. మన కాలేయం గంటకి సుమారు 7 నుంచి 10 గ్రాములే వదిలించగలదు, అది కూడా మనిషిని బట్టి మారుతుంది. రుచి చూశానంతే అనుకున్న ఆ ఒక్క పలక ఒంట్లోంచి పోవడానికి రెండు గంటల పైనే పడుతుంది, కొందరికి మూడు దాటుతుంది. రెండు చోట్ల రెండు పలకలైతే ఐదారు గంటలు. కాఫీ తాగినా, చన్నీళ్లతో మొహం కడిగినా నిద్ర మత్తు వదులుతుందేమో గానీ ఈ లెక్కలో ఒక్క నిమిషం కూడా తగ్గదు.

కాబట్టి దారులు మూడే. ఒకటి, డ్రైవరుతో సహా వ్యాన్ మాట్లాడుకోవడం. రెండు, నడిచో బస్సులోనో రైల్లోనో వెళ్లిరాగలిగే చోట్లు ఎంచుకోవడం. మూడు, అసలు తాగని స్నేహితుడు బండి నడపడానికి ఒప్పుకోవడం. తాగేవాళ్లలోంచి ఒకరిని "ఈసారికి నువ్వు ఆగు" అని బతిమాలి కూర్చోబెట్టడాన్ని నేను దారుల్లో లెక్కేయను. సాయంత్రానికి ఆ మనసు మారుతుంది.

ఆరుగురు దాటితే వ్యానే మేలు. పొద్దున అందరూ ఒకే చోటికి వచ్చి ఎక్కాలి, రాత్రి మాత్రం ఎవరి గుమ్మం దగ్గర వాళ్లని దించాలి. చాలామంది దీన్ని తిరగేసి, పొద్దున ఇంటింటికీ తిరిగి గంట పోగొట్టుకుంటారు. రాత్రి అందరినీ ఒకచోట దింపి చేతులు దులుపుకుంటారు. డ్రైవర్ భోజనం, వెయిటింగ్ చార్జీ, రాత్రి ఎన్నింటి దాకా ఉంటాడు అనే మూడూ ముందే మాట్లాడుకోండి.

2. ఎవరెవరు

ఎనిమిది నుంచి పన్నెండు మంది అయితే సరిగ్గా సరిపోతుంది. చిన్న బ్రూవరీల్లో ట్యాంకుల మధ్య దారి ఇరుకు. పంపుల మోతలో చెప్పేవాళ్ల గొంతు పన్నెండు మందిని దాటితే వెనకవాళ్లకి వినపడదు. పదిహేనూ ఇరవై మంది తేలితే రెండు జట్లు చేసి, ఒక జట్టుని ఒక చోట, రెండోదాన్ని ఇంకో చోట మొదలుపెట్టించండి. మధ్యాహ్నం చోట్లు మార్చుకుంటారు.

పేర్లు ఖరారయ్యాక ఒక్కొక్కరినీ విడిగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. గ్రూపులో అందరి ముందూ అడగకండి, అక్కడ ఎవరూ నిజం చెప్పరు. బార్లీ, గోధుమల్లో గ్లూటెన్ ఉంటుంది, అది పడనివాళ్లున్నారా? మిల్క్ స్టౌట్ అనే నల్ల బీరులో పాల చక్కెర కలుపుతారు, పాలు పడనివాళ్లకి దాంతోనూ ఇబ్బందే. శాకాహారులకి ఇంకో సంగతి చెప్పాలి: కొన్ని పీపా బీర్లని తేరబెట్టడానికి చేప గాలితిత్తి నుంచి తీసిన పదార్థం వాడతారు. అన్ని చోట్లా వాడరు గానీ అడిగితే చెబుతారు. మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి. కడుపుతో ఉన్నవాళ్లకి ఆల్కహాల్ వద్దు. ట్రిప్‌కి మాత్రం వాళ్లు హాయిగా రావచ్చు.

తాగనివాళ్లని ఏదో దయతలచి తీసుకెళ్తున్నట్టు చూడకండి. మా గ్యాంగ్‌లో, బ్రూవరీ లోపల తిప్పి చూపించే టూర్‌ని అందరికన్నా శ్రద్ధగా వినేది చుక్క ముట్టని మనిషే. వాళ్లకి తాగడానికి ఏముందో ఆ చోటుని ముందే అడగండి. ఆల్కహాల్ లేని బీరు అని రాసి ఉన్నదాంట్లో కూడా చాలా దేశాల్లో 0.5 శాతం దాకా ఉండొచ్చు. చుక్క కూడా వద్దనుకునేవాళ్లకి ఆ మాట చెప్పండి.

వయసు రుజువు చేసే కార్డు అందరూ తెచ్చుకోవాలి, నెత్తి మీద తెల్ల వెంట్రుకలున్నా సరే.

3. ఎన్ని చోట్లు, ఏవి

రెండు. బాగా దగ్గర దగ్గరగా ఉంటే మూడు. నాలుగో పేరు ఎవరైనా ఎత్తితే నా పుల్ల బీరు కథ చెప్పండి.

టూర్ ఉన్న చోట రెండు గంటలు, లేని చోట గంటన్నర వేసుకోండి. ప్రయాణానికి ఎంత పడుతుందో దానికి ఇంకో అరగంట కలపండి. పది మంది ఒక చోటి నుంచి లేచి వ్యానెక్కడానికే పావుగంట. దూరంగా ఉన్నదాంతో మొదలుపెట్టి ఇంటికి దగ్గరగా ఉన్నదాంతో ముగించండి.

ఎంచుకునేటప్పుడు అది ఎలాంటి చోటో తెలియాలి. ట్యాప్‌రూమ్ అంటే బీరు కాచిన చోటే, ఆ బీరునే పోసి అమ్మే గది. అక్కడ చాలాసార్లు వంటగది ఉండదు. బ్రూపబ్ అంటే వెనక బ్రూవరీ, ముందు రెస్టారెంట్. ఇంకో రకం ఉంది: సొంత పేరు మీద బీరు అమ్ముతారు కానీ కాచేది వేరేవాళ్ల బ్రూవరీలో. బీరు బాగానే ఉండొచ్చు, చూడ్డానికి మాత్రం ట్యాంకులుండవు. టూర్ కోసం వెళ్లి కుర్చీలూ బల్లలూ చూసొచ్చే ప్రమాదం ఇక్కడే. మొదటిది ట్యాప్‌రూమ్, రెండోది బ్రూపబ్ అయితే టూరూ భోజనం రెండూ వాటంతటవే కుదురుతాయి. టూర్ ఎప్పుడూ మొదటి చోటే పెట్టుకోండి. తడి నేల మీద, వేడి పైపుల పక్కన తూలుతూ నడవడం ఎవరికీ మంచిది కాదు.

రెండు చోట్లా దొరికే రకం ఒకటి ఉండేలా చూసుకుంటే ఇంకా బాగుంటుంది. పొద్దున ఒక చోట తాగిన గోధుమ బీరు, మధ్యాహ్నం ఇంకో చోట తాగిన గోధుమ బీరు పక్కపక్కన పెట్టినట్టు మనసులో పోల్చుకోవచ్చు. ఇద్దరు బ్రూవర్ల పనితనం అప్పుడు తెలుస్తుంది.

4. ముందే చెప్పడం

పది మందితో చెప్పాపెట్టకుండా వెళ్లి తలుపు తోస్తే, ఇద్దరు పనిచేసే చోట ఆ ఇద్దరి తలప్రాణం తోకకొస్తుంది. కనీసం రెండు వారాల ముందు మెసేజ్ పెట్టండి, వారం ముందు ఫోన్ చేయండి. కాచే రోజు పొద్దున పూట ఫోనెత్తరు, వేడి గిన్నెల దగ్గర ఉంటారు. మధ్యాహ్నం చేయండి. నేను పెట్టే మెసేజ్ ఇలా ఉంటుంది:

"నమస్తే అండి. 21వ తేదీ శనివారం, మీరు తెరవగానే రావాలనుకుంటున్నాం. మొత్తం పది మందిమి, ఇద్దరు తాగరు, ఒకరికి గ్లూటెన్ పడదు. లోపల చూపించడం కుదురుతుందా? దానికి విడిగా రుసుముందా? తలా ఒక ఫ్లైట్ తీసుకుంటాం, ఎవరి బిల్లు వాళ్లు కట్టుకోవచ్చా? బయటి తిండి తెచ్చుకోనిస్తారా? రెండు గంటల్లో లేచి వెళ్లిపోతాం."

ఆఖరి వాక్యం తీసేయకండి. బల్ల ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలిస్తే వాళ్లు "సరే" అనడం తేలిక. తెరిచే వేళకి వెళ్తే గది ఖాళీగా ఉంటుంది, పోసేవాళ్లకి మనతో మాట్లాడే తీరికుంటుంది. శనివారం సాయంత్రం అదే మనిషిని ప్రశ్న అడిగితే జవాబు ఒక్క ముక్కలో వస్తుంది.

5. డబ్బు

ఎంత స్నేహమున్నా లెక్క లెక్కే. వ్యాన్, టూర్, తలా ఒక ఫ్లైట్: ఈ మూడిటి ఖర్చు ముందే వసూలు చేయండి. డబ్బు పంపినవాళ్లే వస్తున్నట్టు, నోటి మాట లెక్కలోకి రాదు. ఫ్లైట్ పైన ఏం తాగినా ఎవరి జేబు వాళ్లదే. తాగనివాళ్ల వాటాలోంచి ఫ్లైట్ ఖర్చు తీసేయండి. అందరి బిల్లూ ఒక్కరి కార్డు మీద వేయించి తర్వాత పంచుకుందాం అన్న మాటకి మాత్రం ఒప్పుకోకండి. నాకు అలా రావాల్సింది ఇప్పటికీ ఒకటి మిగిలే ఉంది. ఎవరని అడక్కండి, ఇది చదువుతున్నాడు.

6. తిండి, నీళ్లు

ఖాళీ కడుపుతో ఎవరూ వ్యానెక్కకూడదు. కడుపులో తిండి ఉంటే ఆల్కహాల్ రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. తాగడం మొదలయ్యాక తిందాంలే అంటే అప్పటికే ఆలస్యం. మరీ కారం, మరీ మసాలా ఉన్నవి రుచి చూడ్డం అయ్యాక తినండి. వ్యాన్‌లో మనిషికో నీళ్ల సీసా.

7. లోపల ఏం చూడాలి

కాళ్లని పూర్తిగా కప్పే బూట్లు వేసుకోవాలి, జుట్టు ముడేసుకోవాలి, ఏ వాల్వునీ ముట్టుకోకూడదు. కడగడానికి వాడే క్షారం చర్మాన్ని కాల్చేస్తుంది. తెరిచున్న ట్యాంకులోకి తల పెట్టి వాసన చూడకండి. పులిసేటప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ గాలి కన్నా బరువు, అది అడుగున పేరుకుని ఊపిరి ఆడనివ్వదు. ఇది సరదాకి చెప్పే జాగ్రత్త కాదు, బ్రూవరీల్లో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

కాచే రోజైతే లోపలికి అడుగుపెట్టగానే తగిలేది బీరు వాసన కాదు. ఉడుకుతున్న ధాన్యం ఆవిరి, తియ్యగా, కొంచెం బిస్కెట్‌లా. బార్లీని మొలకెత్తించి ఆరబెడితే మాల్ట్. దాన్ని మరపట్టి 65 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడినీళ్లలో గంట నానబెడతారు. గింజలోని పిండి అక్కడ చక్కెరగా మారుతుంది. 62 వైపు ఉంచితే ఈస్ట్ (చక్కెరని తిని ఆల్కహాల్ చేసే సూక్ష్మజీవి) తినగలిగే చక్కెర ఎక్కువై బీరు పల్చగా, తీపి లేకుండా దిగుతుంది. 69 వైపు ఉంచితే నోట్లో చిక్కగా నిలుస్తుంది. "దీన్ని ఎన్ని డిగ్రీల దగ్గర నానబెట్టారు?" అని అడిగి చూడండి. రోజూ "ఇందులో కిక్కెంత?" అనే ప్రశ్నే విని విసిగినవాళ్లు మీ వైపు కుర్చీ జరుపుకుని కూర్చుంటారు.

మాల్ట్ గింజలు అరచేతిలో పోస్తే నమలండి. లేత రంగువి తియ్యగా, పాకం రంగువి కాల్చిన చక్కెరలా, నల్లవి కాఫీలా ఉంటాయి. స్టౌట్ నలుపూ, కాఫీలాంటి చేదూ ఆ నల్ల గింజలవే. బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్స్ అనే పూల గుళికలు ఇస్తే మాత్రం నోట్లో వేసుకోకుండా రెండు అరచేతుల మధ్య నలిపి వాసన చూడండి. నమిలితే ఆ చేదు చాలాసేపు వదలదు, ఆ రోజు తాగే మిగతా బీర్లన్నీ దాని పాలే. ఆ గుళికల్నే కషాయం మరగడం మొదట్లో వేస్తే చేదునిస్తాయి, దించే ముందు వేస్తే వాసననిస్తాయి.

తర్వాత చల్లార్చి, ఈస్ట్ కలిపి, ఎత్తైన ట్యాంకుల్లోకి ఎక్కిస్తారు. నాకు బ్రూవరీ మొత్తంలో ఇష్టమైన చోటు ఇదే. ట్యాంకు పైనుంచి ఒక గొట్టం కిందికి దిగి నీళ్ల బకెట్‌లో మునిగుంటుంది. అందులోంచి బుడగలు గుడగుడమని వస్తుంటాయి. నిన్న ఈస్ట్ వేసిన ట్యాంకు బకెట్ మరుగుతున్నట్టుంటుంది. వారం కిందటిదైతే నిమిషానికి ఒకటో రెండో బుడగలు. పక్కన వేడి చూపించే డిజిటల్ అంకె చూడండి: 20 దగ్గరుంటే లోపలున్నది ఎక్కువగా ఏల్ (కాస్త వెచ్చగా పులిసే రకం), 10 దగ్గరుంటే లాగర్ (చల్లగా పులిసే రకం). ఏల్ రెండు మూడు వారాల్లో గ్లాసులోకి వస్తుంది, లాగర్ చలిలో వారాల తరబడి పడుకోవాలి. చిన్న బ్రూవరీల్లో ఏల్ రకాలే ఎక్కువ కనిపించడానికి ఇదొక కారణం. ట్యాంకు ఎన్నాళ్లు ఖాళీ కాకపోతే అన్నాళ్లు అమ్మకం లేనట్టే.

1516లో బవేరియాలో వచ్చిన చట్టం బీరుకి బార్లీ, హాప్స్, నీళ్లు మాత్రమే వాడాలంది. ఈస్ట్ మాటే అందులో లేదు, అది చేసే పని అప్పటికి ఎవరికీ అంతుపట్టలేదు. బీరు ఈస్ట్‌ని ఒకే కణం నుంచి శుద్ధంగా పెంచడం 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ చేసి చూపించేదాకా, నిన్నటి బీరు రుచే రేపూ వస్తుందన్న భరోసా లేదు. ఆ బకెట్ పక్కన నిలబడి చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ నాకు తెలియదు.

8. తాగే వరుస

ఫ్లైట్ రాగానే రంగు చూసి లేతది ముందు, నల్లది చివర అనుకుంటారు. రంగుకీ బలానికీ సంబంధం లేదు. నల్లటి డ్రై స్టౌట్ 4 శాతం చుట్టుపక్కల ఉంటుంది, బంగారు రంగు బెల్జియన్ ట్రిపెల్ 8, 9 శాతం ఉంటుంది. బోర్డు మీద రాసిన ఆల్కహాల్ శాతం చూసి తక్కువ నుంచి ఎక్కువకి, ఆ తర్వాత చేదు తక్కువ నుంచి ఎక్కువకి వెళ్లండి. లాగర్, గోధుమ బీరు ముందు. పుల్లవి వాటి తర్వాత. హాప్స్ దట్టించిన ఐపీఏలు ఆ తర్వాత, చేదు నాలుక మీద కూర్చుంటే తేలికవేవీ తెలియవు. పొగ వాసనవి, పీపాలో ఊరినవి, 10 శాతం ఇంపీరియల్ స్టౌట్ లాంటివి చిట్టచివర. ఆ 10 శాతంది 120 మిల్లీలీటర్లు తాగితే 5 శాతంది 240 తాగినట్టే. దాన్ని ఇద్దరు పంచుకుంటే పోయేదేం లేదు.

మరీ చల్లగా ఉన్న బీరుకి వాసనుండదు. లాగర్ సంగతి సరే, స్టౌట్‌ని మాత్రం అరచేతుల్లో పట్టుకుని ఐదు నిమిషాలు ఆగండి, వేరే బీరైపోతుంది. ప్రతి గ్లాసుకీ మధ్య ఒక గుక్క నీళ్లు. ఆ రోజు సెంటు పూసుకోవద్దని ముందురోజే గ్రూపులో రాయండి. పక్కవాళ్ల సెంటు మీ గ్లాసులో కలుస్తుంది.

మా గ్యాంగ్‌లో ఒక నియమం పెట్టుకున్నాం. మొదటి గుక్క తర్వాత ప్రతి ఒక్కరూ ఒక మాట కాగితం మీద రాసుకోవాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి. లేకపోతే గట్టిగా మాట్లాడేవాడు "అరటిపండు" అన్నాడంటే అందరి నోట్లోనూ అరటిపండే. గోధుమ బీర్లలో ఆ వాసన నిజంగానే ఈస్ట్ నుంచి వస్తుంది, కాబట్టి అతను తప్పేం కాదు. కానీ ఒకసారి ఒకామె కాగితం మీద "లవంగం" అని ఉంది. అదీ ఆ ఈస్ట్ పనే. గట్టిగా మాట్లాడేవాడు ముందే అనుంటే ఆ కాగితం బయటికొచ్చేది కాదు.

వెన్న వాసన, ఉడికించిన మొక్కజొన్న వాసన, తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది మీ నాలుక తప్పు కాకపోవచ్చు. మొదటి రెండూ సాధారణంగా తయారీలో దొర్లే లోపాలు, మూడోది బీరు పాతబడి గాలి తగిలిందనడానికి గుర్తు. గోల చేయకుండా, పోసినవాళ్లని పక్కకి పిలిచి "ఇది ఇలాగే ఉండాలా?" అని అడగండి. మంచి చోటైతే వాళ్లూ రుచి చూసి గ్లాసు మారుస్తారు.

9. ఎవరైనా శ్రుతి మించితే

బీరు ఆపించి నీళ్లిచ్చి కూర్చోబెట్టండి, ఒంటరిగా వదలకండి. పడుకుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, వెల్లకిలా వద్దు. పిలిచినా లేవకపోతే, ఊపిరి మరీ నెమ్మదిస్తే, ఒళ్లు చల్లబడితే నిద్రపోనిద్దాం అనుకోకుండా వెంటనే అంబులెన్సుకి ఫోన్ చేయండి.

10. ఇంటికి తెచ్చుకునేది, మర్నాటి పని

చాలా చోట్ల ట్యాప్ నుంచి సీసాలోకో క్యానులోకో పట్టి ఇస్తారు. గ్రౌలర్ అనే పెద్ద సీసా 1.9 లీటర్లు పడుతుంది. నింపాక ఫ్రిజ్‌లో ఉంచి కొద్ది రోజుల్లోనే తాగేయాలి, మూత తీస్తే ఒకటి రెండు రోజులే. ఎండలో వ్యాన్ సీటు మీద వదిలేయకండి. వెలుతురు తగిలితే హాప్స్ నుంచి దుర్వాసన పుడుతుంది, గోధుమ రంగు సీసాలు వాడేది అందుకే. ఎంత తీసుకెళ్లవచ్చో అక్కడి చట్టం ఏమంటుందో కౌంటర్లోనే అడగండి.

మర్నాడు లెక్క గ్రూపులో పెట్టేయండి, మిగిలింది వెనక్కిచ్చేయండి. తర్వాత టూర్ చూపించినవాళ్లకి ఒక ధన్యవాదాలు చెప్పి, బకెట్‌లో గుడగుడమంటున్న ఆ ట్యాంకు ఎప్పుడు ట్యాప్‌కి వస్తుందో అడగండి. వాళ్లు చెప్పిన తేదీనే తర్వాతి ట్రిప్ తేదీగా గ్రూపులో వేసేయండి. ఓటింగు పెట్టారో, ఇంకో మూడు నెలలు అంతే సంగతులు.